గడ్డం కింద గడియ

2025 ఫిబ్రవరి 17, సోమవారం
పిడుగురాళ్ల

నిన్న సాయంత్రం మా పశువుల ఆస్పత్రి గోపాలమిత్ర బండి మీద నుంచి పడ్డాడు. ఎదకొచ్చిన గేదెకు సూది వేసి తిరిగొస్తూ, దాచేపల్లి దగ్గర లారీ వదిలిపోయిన కంకర మీద జారాడట. వేగం నలభై కూడా లేదు. తలకు హెల్మెట్ ఉంది. నుదురు, కళ్లు, చెవులు అన్నీ క్షేమం. కింది దవడ మాత్రం రెండు చోట్ల విరిగింది. ముందు పళ్లు మూడు పోయాయి. అతను పెట్టుకున్నది ముఖం తెరిచి ఉండేది, జనం హాఫ్ హెల్మెట్ అంటారే, అది.

ఫోన్ చేస్తే వాళ్లావిడ ఎత్తింది. "తలకేం కాలేదు మేడం, ఆ కోటయ్య సామి దయ" అంటూనే ఏడ్చింది.

రాత్రంతా నా సంగతే గుర్తొచ్చింది. నాకు ముఖమంతా కప్పే హెల్మెట్ ఉంది, నాలుగేళ్ల నుంచి. ఇంటి దగ్గర పెట్టుకుంటాను. మొదటి ఊళ్లో రైతు ఎదురొస్తే మాట్లాడాలంటే తియ్యాలి. ముందు హెల్మెట్ లోపల ఇరుక్కున్న కళ్లజోడు లాగాలి, తర్వాత హెల్మెట్, మళ్లీ కళ్లజోడు పెట్టుకోవాలి. పక్క వీధిలో ఇంకో గేదె. మళ్లీ అంతా మొదటి నుంచి. టీకాల రోజుల్లో ఇరవై ముప్పై సార్లు. పదకొండు గంటలకల్లా విసుగొచ్చి హెల్మెట్‌ను బండి కొక్కేనికి తగిలించేస్తాను. ఈ వీధి నుంచి ఆ వీధికే కదా అనుకుంటాను. తర్వాత ఈ ఊరి నుంచి ఆ ఊరికే కదా అనుకుంటాను. రోజుకు అరవై, డెబ్బై కిలోమీటర్లు తిరిగే నేను అందులో సగం దూరం ఒట్టి తలతో తిరుగుతున్నాను. ఇది నిజం. కనీసం ఈ నోటుబుక్కులోనైనా రాసుకోవాలి.

ఫిబ్రవరి 19, బుధవారం

గుంటూరు వెళ్లి చూసొచ్చాను. దవడకు ప్లేట్లు వేశారు. పై పళ్లూ కింది పళ్లూ తీగలతో కలిపి కట్టారు. కొన్ని వారాలు గంజి, పాలు, పళ్లరసం, అంతా స్ట్రా తోనే. మాట్లాడలేక పలక మీద రాసి చూపించాడు: "మేడం, టీకాల డబ్బా బండి డిక్కీలోనే ఉంది."

వాళ్లావిడ హెల్మెట్ తెచ్చి చూపించింది. నుదుటి దగ్గర గీతలు, పక్కన చిన్న చీలిక. ఆ గీతలు వరసగా కిందికొచ్చి, హెల్మెట్ అంచు దగ్గర ఆగిపోయాయి. అక్కడి నుంచి ముఖం మొదలవుతుంది. దవడ మీద తోలు లేచిపోయిన చోటు కూడా సరిగ్గా ఆ వరసలోనే ఉంది.

బస్సులో తిరిగొస్తూ రెండు విషయాలు నిశ్చయించుకున్నాను. గడ్డం కప్పని హెల్మెట్ నాకొద్దు. రోజంతా తలమీద ఉండని హెల్మెట్ కూడా వద్దు. ఈ రెండూ కలిసేది గడ్డం భాగం పైకి లేచే రకంలోనే. షాపుల్లో ఫ్లిప్ అప్ అంటారు, కంపెనీల వాళ్లు మాడ్యులర్ అంటారు. ట్రాఫిక్ పోలీసుల్లో కొందరు వాడటం చూశాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

పక్కింటి టైలరమ్మ దగ్గర టేపు తెచ్చి తల కొలిచాను. కనుబొమలకు అంగుళం పైన నుంచి, చెవుల మీదుగా, వెనక తల బాగా పొడుచుకొచ్చిన చోట కలిసేలా చుట్టాలి. మూడుసార్లు కొలిస్తే మూడుసార్లూ యాభై ఏడున్నర సెంటీమీటర్లు వచ్చింది.

పాత హెల్మెట్ తీసి లోపల చూస్తే 600 అని ఉంది, అంటే అరవై సెంటీమీటర్లు. నాలుగేళ్లుగా రెండున్నర సెంటీమీటర్లు పెద్దది మోస్తున్నాను. ఎందుకంటే కొనేటప్పుడు ముడి పెట్టుకుని వెళ్లాను. ముడి పట్టాలని పెద్ద సైజు తీసుకున్నాను. ముడి పట్టింది కానీ తల పట్టలేదు. చేత్తో అటూ ఇటూ తిప్పితే హెల్మెట్ తిరుగుతోంది, తల అక్కడే ఉంది. ఎద్దుకు పలుపు ఎంత బిగువుండాలో పాతికేళ్లుగా రైతులకు చెబుతున్నదాన్ని, నా తలకు ఇది చూసుకోలేదు.

ఇకనుంచి బండి మీద ముడి వద్దు. మెడ దగ్గర నుంచి వదులుగా అల్లిన జడ, అంతే. చెవులకు జూకాలు కూడా వద్దు, చిన్న దిద్దులు చాలు. హెల్మెట్ ఎక్కించేటప్పుడు చెవి మడత పడేది వీటివల్లే.

ఫిబ్రవరి 27, గురువారం

శివరాత్రికి కోటప్పకొండ వెళ్లొచ్చాం. నిన్న రాత్రి తిరుగు ప్రయాణంలో మా ఆయన వెనక కూర్చున్నారు, నేను నడిపాను. ప్రభల మీద వేల దీపాలు, రోడ్డంతా ట్రాక్టర్లు, ఎదురు లైట్లు. నా హెల్మెట్ అద్దం మీద సన్నటి గీతలున్నాయి, పగలు కనపడవు. రాత్రి ఒక్కో లైటు ఆ గీతల మీద చెదిరి నక్షత్రంలా విచ్చుకుంది. దాని వెనక మనిషి ఉన్నాడో లేడో తెలియలేదు. అద్దం పైకెత్తితే కళ్లలో దుమ్ము. ఇరవై వేగంతో ఇల్లు చేరాం.

కొత్తదానికి అద్దం విడిగా దొరుకుతుందా అని అడగాలి. గీతలు పడగానే మార్చుకోవాలి. నల్లద్దం మాత్రం తీసుకోను. ఈనే గేదె పగలా రాత్రా అని చూడదు, నాకు ఏ వేళప్పుడైనా పిలుపు వస్తుంది.

మార్చి 8, రెండో శనివారం
గుంటూరు

ఆఫీసు సెలవు. అమ్మాయిని వెంటబెట్టుకుని హెల్మెట్ షాపుకు వెళ్లాను. దారిలో రోడ్డు పక్క తాడుకు కట్టి అమ్ముతున్న వాటిని కూడా ఆగి చూశాను. ఐఎస్ఐ ముద్ర అన్నిటి మీదా ఉంది. కానీ ముద్రతోపాటు ఐఎస్ 4151 అన్న అంకె, సీఎం/ఎల్ అనే లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరును ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే కంపెనీ పేరు రావాలి. మూడింటికి కొట్టి చూశాను. ఒకదానికి నంబరే లేదు. ఒకదానికి వచ్చిన పేరు వేరు. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ లేని బండి హెల్మెట్ తయారీ, అమ్మకం దేశంలో చట్టవిరుద్ధం. చలానా తప్పించుకోవడానికైతే ఆ ముద్ర చాలునేమో. హెల్మెట్ లేకపోతే ఇప్పుడు చట్టంలో వెయ్యి రూపాయలు, మూడు నెలలు లైసెన్సు రద్దు. నేను వచ్చింది దవడ కోసం.

షాపతను మంచివాడు. కొలత చెప్పగానే మూడు పెట్టెలు దించాడు.

మొదటిది మన దేశంలో తయారైంది, రెండు వేల ఎనిమిది వందలు. గడ్డం దగ్గర మీట నొక్కితే ముందు భాగం లేస్తుంది. మెల్లగా దించితే కుడి పక్క పట్టింది, ఎడమ పక్క పట్టలేదు. చూడటానికి మాత్రం మూసుకున్నట్టే ఉంది. గట్టిగా నొక్కితే రెండో పక్క కూడా టక్కుమంది. అయిదుసార్లు చూశాను, అయిదింట్లో రెండుసార్లు అదే వరస. లోపల కొక్కేలు ప్లాస్టిక్‌వి. పక్కన పెట్టేశాను. ధర తక్కువని కాదు. అదే ధరలో రెండు పక్కలా ఒక్కసారే పట్టేవి కూడా ఉంటాయి. కానీ ఈ గడియ నాకు నమ్మకం కలిగించలేదు.

రెండోది బయటి దేశం కంపెనీది, పదకొండు వేలు. ఇనుప కొక్కేలు, మూసిన చప్పుడు గోదాం తలుపు వేసినట్టుంది. తలకు పెట్టుకుని కూర్చున్నాను. షాపతను "సరిపోయింది మేడం, బిల్లు రాయమంటారా" అన్నాడు. "అరగంట ఉండనివ్వు బాబూ" అన్నాను. స్టూలు వేశాడు. పన్నెండో నిమిషానికి నుదుటి మధ్యలో రూపాయి బిళ్లంత చోట నొప్పి మొదలైంది. ఇరవయ్యో నిమిషానికి తలపోటు. తీస్తే నుదుట ఎర్రటి మచ్చ. నా తల ముందు నుంచి వెనక్కి కాస్త పొడుగు, పక్కల సన్నం. ఆ హెల్మెట్ లోపలి గుంట గుండ్రటి తలకు చేసింది. చుట్టుకొలత సరిపోయినా ఆకారం సరిపోలేదు. ఎంత ఖరీదైనదైనా ఇది అరిగి సర్దుకునే నొప్పి కాదు. బుగ్గల దగ్గర మెత్తలు కొన్నాళ్లకు అణుగుతాయి, నుదుటి దగ్గర గట్టిది అణగదు.

మూడోదాని మీద ఎమ్ అని ఉంది, లోపల 580. ఇంకో కంపెనీ అదే 580ని ఎల్ అంటోంది. అక్షరం చూసి కొనకూడదు. అంకె చూడాలి, తర్వాత తలకు పెట్టి చూడాలి. ఇది నుదుట బాగానే ఉంది, బుగ్గల దగ్గర ఖాళీ. బుగ్గలు లోపలికి నొక్కుకుని, నమిలితే పళ్లకు తగిలేంత బిగువుండాలి కొత్తలో. పట్టీ బిగించి, అమ్మాయిని వెనక అంచు పట్టుకుని ముందుకు ఎత్తమన్నాను. "అమ్మా, వచ్చేస్తోంది" అంది. నిజంగానే కళ్ల మీదికి జారింది. నేల మీద మనిషికి అలా జరిగితే, రోడ్డు మీద దొర్లేటప్పుడు అది ఊడిపోతుంది.

ఏమీ కొనకుండా వచ్చేశాం. షాపతను విసుక్కోలేదు. "మీలాగా చూసి కొనేవాళ్లు నెలకొకరు వస్తారు మేడం" అన్నాడు.

మార్చి 9, ఆదివారం

పొద్దుటి నుంచి హెల్మెట్ల గురించి చదువుతున్నాను. మా వైద్యంలోలాగే దీనిలోనూ ఒక చరిత్ర ఉంది, దాని మొదట్లో ఒక చావు ఉంది. 1935 మే 13న ఇంగ్లండులో టి.ఇ. లారెన్స్, సినిమాలో మనం చూసిన లారెన్స్ ఆఫ్ అరేబియా, మోటార్ సైకిల్ మీద నుంచి పడ్డాడు. సైకిళ్ల మీద వెళ్తున్న కుర్రాళ్లను తప్పించబోయి పడ్డాడు. తలకు ఏమీ లేదు. ఆరో రోజు, 19న పోయాడు. చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఉన్నాడు. ఆయన దాన్ని మరిచిపోలేదు. యుద్ధంలో బండ్ల మీద ఉత్తరాలు మోసే సైనికుల తల గాయాలు లెక్క తీసి 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. అదే ఏడు చివర బ్రిటిష్ సైన్యం వాళ్లందరికీ హెల్మెట్ తప్పనిసరి చేసింది. ఒక రోగి పోయిన దుఃఖాన్ని లెక్కలుగా మార్చి, ఆ లెక్కల్ని ఆజ్ఞగా మార్చిన వైద్యుడాయన. నాకు చాలా గౌరవం కలిగింది.

ముఖం తెరిచే హెల్మెట్ పుట్టింది 1981లో. జర్మనీలో షుబర్త్ చేసింది, బీఎండబ్ల్యూ అమ్మింది. అదే జర్మనీలో హానోవర్‌లో డీట్మార్ ఓటె ప్రమాదాల్లో దెబ్బతిన్న హెల్మెట్లు పరిశీలించి, దెబ్బ ఎక్కడ తగిలిందో హెల్మెట్ బొమ్మ మీద గుర్తులు పెట్టాడు. ఇంచుమించు మూడో వంతు దెబ్బలు గడ్డం, దవడ ఉన్న ముందు భాగం మీదే పడ్డాయి. మా గోపాలమిత్ర హెల్మెట్ మీది గీతలు కళ్లముందు కదిలాయి.

మన దేశంలో 2022లో హెల్మెట్ లేని కారణంగా చనిపోయినవాళ్లని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క వేసినది 50,029 మంది. అందులో పద్నాలుగు వేలకు పైగా వెనక కూర్చున్నవాళ్లు. మా ఆయనకు ఈ లెక్క చదివి వినిపించాను. ఏమీ మాట్లాడలేదు.

ఇవాళ నేర్చుకున్న అసలు సంగతి లేబుల్ చదవడం. ఐరోపా ప్రమాణం ఈసీఈ. గడ్డం పట్టీకి కుట్టిన తెల్లటి గుడ్డ ముక్క మీద వలయంలో 'ఈ' అనే ఇంగ్లిష్ అక్షరం, పక్కన ఒక అంకె. అది ఏ దేశం అనుమతిచ్చిందో చెబుతుంది. 1 అంటే జర్మనీ, 3 ఇటలీ, 9 స్పెయిన్. కింద ఉన్న పొడుగాటి నంబరు 05తో మొదలైతే పాత పరీక్ష, 06తో మొదలైతే కొత్తది. కొత్తదాంట్లో దెబ్బను ఏటవాలుగా కొట్టి, తల గిర్రున తిరిగితే మెదడుకు ఏమవుతుందో కూడా చూస్తారు. ఆ నంబరు తర్వాత వచ్చే అక్షరమే ఫ్లిప్ అప్‌కు ప్రాణం. పీ అంటే గడ్డం భాగం మూసి ఉన్నప్పుడు నిజంగా దెబ్బ కాస్తుందని పరీక్షలో తేలింది. జే అంటే ముఖం తెరిచి ఉన్న హెల్మెట్‌గా నెగ్గింది. పీ/జే అని రెండూ ఉంటే మూసినా తెరిచినా పరీక్ష నెగ్గింది. ఎన్‌పీ అని ఉంటే గడ్డం ముందు ఉన్నది గాలికీ దుమ్ముకూ అడ్డం మాత్రమే, దెబ్బకు కాదు. చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. తేడా అంతా ఆ ఒక్క అక్షరంలో ఉంది.

బ్రిటన్ ప్రభుత్వం వాళ్లు షార్ప్ పేరుతో హెల్మెట్లు కొని తామే కొట్టి చూసి నక్షత్రాలు ఇస్తారు. ఫ్లిప్ అప్ అయితే ఇంకో అంకె కూడా ఇస్తారు: ఎన్ని దెబ్బల్లో గడియ ఊడకుండా ఉంది అని. కొన్నింటికి నూటికి నూరు. కొన్నింటికి సగం కూడా లేదు. నిన్న షాపులో నా చెయ్యి అనుమానించింది దీన్నే.

మార్చి 13, గురువారం

టీకాల డబ్బా కడుగుతూ ఒక సంగతి గమనించాను. గోడలు థర్మోకోల్‌వి. బొటనవేలితో గట్టిగా నొక్కితే పల్లం పడింది, మళ్లీ పైకి లేవలేదు. హెల్మెట్ లోపల తలను కాసేది కూడా ఇదే జాతి నురుగు, కాస్త చిక్కటిది. పైన గట్టి పెంకు దెబ్బను నలుపక్కలకు పంచుతుంది, లోపల నురుగు నలిగి ఆ దెబ్బను మింగుతుంది. ఒకసారి నలిగితే మళ్లీ నలగదు. అందుకే పడిన హెల్మెట్ పైకి బాగున్నా పారెయ్యాలి. గోపాలమిత్ర వాళ్లావిడకు ఫోన్ చేసి ఆ హెల్మెట్ ఇంకెవరికీ ఇవ్వొద్దని, రంపంతో కోసి పడెయ్యమని చెప్పాను.

బండి అద్దం కొమ్మకు హెల్మెట్ తగిలించడం కూడా ఇవాల్టి నుంచి మానేశాను. ఆ కొమ్మ లోపల నురుగు మీద సరిగ్గా బొటనవేలు పనే చేస్తుంది.

మార్చి 22, శనివారం
విజయవాడ

సెలవు పెట్టి వెళ్లాను. ఈసారి ఏం అడగాలో తెలుసు. ఐఎస్ఐ కావాలి, ఈసీఈ 22.06 కావాలి, పీ/జే కావాలి, కొక్కేలు ఇనుపవి కావాలి, 580 కావాలి, అద్దం విడిగా దొరకాలి. షాపులో కుర్రాడు ఫోన్ పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

జపాన్‌ది షోయి నియోటెక్ చూపించాడు, ఆశ కొద్దీ తలకు పెట్టుకున్నాను. అరలక్షకు పైమాటే. మూసిన తర్వాత షాపులో ఫ్యాను చప్పుడు కూడా తగ్గిపోయింది. నా జీతానికి అది కాదు. గడ్డం భాగం పూర్తిగా తిరిగి హెల్మెట్ వెనక కూర్చునే ఎల్ఎస్2 వాలియంట్ కూడా చూశాను. తెరిచినప్పుడు బరువు ముందుకు లాగదు, మంచి ఆలోచన. నాకు సైజు లేదు.

చివరికి తీసుకున్నది ఏడు వేల ఆరు వందలది. లేబుల్ మీద 06, పీ/జే. పెట్టుకుని నలభై నిమిషాలు కూర్చున్నాను. నొప్పి లేదు, నుదుట మచ్చ లేదు, బుగ్గలు మాత్రం గట్టిగా పట్టాయి. తల అడ్డంగా ఊపితే కనుబొమల తోలు హెల్మెట్‌తో కలిసి కదిలింది. వెనక నుంచి కుర్రాడు లాగితే రాలేదు. గడ్డం భాగం ఎత్తి, కళ్లజోడుతోనే పెట్టుకోగలిగాను. ఆ ఒక్క సుఖానికే సగం డబ్బులు ఇచ్చేదాన్ని. నా కళ్లజోడు కాడలు తిన్నగా సన్నగా ఉంటాయి కాబట్టి మెత్తల మధ్య దూరాయి. చెవి వెనక కొక్కెంలా వంగేవైతే కష్టమే.

బరువు లేబుల్ మీద 1,700 గ్రాములు. పాతది 1,350. గడియ, ఇరుసు, లోపల ఎండ అద్దం, వీటన్నిటి బరువది. ఫ్లిప్ అప్ కొనేవాళ్లు ఈ మూడు వందల యాభై గ్రాముల సంగతి ముందే ఒప్పుకోవాలి. నా మెడకు నలభై ఏడేళ్లు. ఒప్పుకున్నాను. చప్పుడు కూడా కాస్త ఎక్కువే, అతుకులు ఉన్న చోట గాలి దూరుతుంది. నేను అరవై దాటను కాబట్టి నాకది పెద్ద సంగతి కాదు. హైవే మీద రోజంతా వెళ్లేవాళ్లకు పెద్ద సంగతే.

పట్టీ దగ్గర చాలాసేపు తేల్చుకోలేకపోయాను. రెండు వలయాల్లోంచి దూర్చి బిగించే పట్టీ ప్రతిసారీ గడ్డానికి సరిపడా బిగుస్తుంది. పళ్ల పట్టీ ఒక్క చేత్తో టకటకా పడుతుంది, కానీ ఒకసారి సరిగ్గా సర్దుకోవాలి, వారానికోసారి చూసుకోవాలి. నేను పళ్ల పట్టీ తీసుకున్నాను. రెండు వేళ్లు పట్టేంత ఖాళీ, అంతకు మించి లేకుండా సర్దుకున్నాను.

మార్చి 30, ఉగాది

పచ్చడి చేశాను. విశ్వావసు. అత్తయ్య కొత్త హెల్మెట్‌కు కూడా పసుపు కుంకుమ పెట్టబోయారు. పైన వద్దని, లోపల పట్టీకి చిటికెడు పెట్టించాను. పెంకు మీద రంగులు, అంటించే బొమ్మలు, పెట్రోలు, థిన్నరు తగలకూడదు. కొన్ని ప్లాస్టిక్ పెంకుల్ని అవి కంటికి కనపడకుండా పెళుసు చేస్తాయి. సబ్బు నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు.

ఏప్రిల్ 11, శుక్రవారం
రెంటచింతల

ఈ ఊరి ఎండ గురించి కొత్తగా ఏం రాయను. చింతల కింద గొర్రెలు కూడా కదలడం లేదు.

దారిలో ఆగిన చోట ఒక రైతు అన్నాడు: "ఏంది డాక్టరమ్మా, ఎద్దుకి చిక్కం కట్టినట్టు అదేంది?" మీట నొక్కి ముఖం చూపించాను. "అట్టా తెరుచుకుంటదా! అయితే ఊపిరాడుద్దిలే" అన్నాడు. అతని పెద్దకొడుకు బండి ట్యాంకు మీద హెల్మెట్ బోర్లించి ఉంది. చూపించి అడిగితే నవ్వి తలకు పెట్టుకున్నాడు.

ఎండలో రెండు తప్పులు చేశాను, సరిదిద్దుకున్నాను. మొదటిది చున్నీ. మా ఆడవాళ్లందరం ముఖానికి చున్నీ చుట్టి, ముడేసి, దాని మీద హెల్మెట్ పెడతాం. ఆ ముడి, ఆ మడతలు హెల్మెట్‌ను తల మీద నుంచి పైకి లేపుతాయి, పట్టీ చున్నీ మీద బిగుస్తుంది కానీ గడ్డానికి కాదు. ముఖం మొత్తం మూసే హెల్మెట్‌కు దుమ్ము భయం లేదు, చున్నీ అక్కర్లేదు. పల్చటి నూలు టోపీ ఒకటి కుట్టించుకున్నాను, చెమట దానికే అంటుతుంది, సాయంత్రం ఉతికితే పొద్దున్నే ఆరిపోతుంది. రెండోది గాలి కిటికీలు. గడ్డం దగ్గరది, నెత్తి మీదది మూసే ఉంచి వారం తిరిగాను. తెరిచాక తేడా తెలిసింది. బండి ఆగితే మాత్రం ఏ కిటికీ పనిచెయ్యదు. అప్పుడు మీట నొక్కాలి, తెరవాలి, నీళ్లు తాగాలి. ఈ ఎండలో నన్ను కాపాడుతున్నది ఆ మీటే.

ఏప్రిల్ 24, గురువారం

దూడ అడ్డం తిరిగిందని తెల్లవారుజామున మూడింటికి ఫోన్. లోపల ఎండ అద్దం పైకి తోసి, ముందు అద్దం తుడుచుకుని బయలుదేరాను. గీత లేని అద్దంలోంచి ఎదురు లైటు ఒక్క లైటులాగే కనపడింది. దూడా తల్లీ బతికాయి.

తిరిగొచ్చేటప్పుడు పొద్దు పొడిచింది, చల్లగాలి. గడ్డం భాగం పైకెత్తి ఉంచుకునే ఊరు దాటాను, బాగుంది. మలుపు దగ్గర ఎదురుగాలి తగలగానే తల వెనక్కి లాగింది, నెత్తి మీద తెరచాప కట్టినట్టు. జే అనుమతి ఉంది కాబట్టి అలా నడపడం తప్పు కాదు. కానీ అలా నడిపిన ఆ రెండు కిలోమీటర్లూ నా దవడ మా గోపాలమిత్ర దవడలాగే ఉంది. బండి ఆపి మూశాను. రెండు పక్కలా టక్కుమన్నాక, గడ్డం కింద చెయ్యి పెట్టి ఒకసారి పైకి తోసి చూశాను. అప్పటి నుంచి నా పద్ధతి ఇదే. ఆగితే తెరుస్తాను, చక్రం తిరిగితే మూస్తాను. ఊళ్లో వీధి నుంచి వీధికి కూడా.

టీకాల రోజుల్లో ఇప్పుడు హెల్మెట్ తీసేది కొట్టాంలోకి వెళ్లేటప్పుడే. నిన్న లెక్కపెట్టాను. ఇరవై ఆరు ఇళ్లు, తీసింది ఏడుసార్లు. దారిలో ఒట్టి తలతో ఒక్క కిలోమీటరూ లేదు. తీసినప్పుడు బండి సీటు కింద పట్టడం లేదు, అది ఒక్కటే ఇబ్బంది. తాళం వేసే తాడు కొన్నాను.

మే 6, మంగళవారం

మా గోపాలమిత్ర డ్యూటీలో చేరాడు. తీగలు తీసేశారు, మాట ఇంకా కాస్త ముద్దగా వస్తోంది. కొత్త పళ్లు కట్టించుకోవాలి. పొద్దున టేపు తెచ్చి తల కొలిచాను, యాభై తొమ్మిది. "మీదెంతయింది మేడం?" అన్నాడు. చెప్పాను. కాసేపు ఊరుకున్నాడు. "ఆస్పత్రికి తొంభై వేలయింది" అన్నాడు.

ఆదివారం విజయవాడ వెళ్తున్నాం, అతనూ వాళ్లావిడా నేనూ. వాళ్లావిడకు కూడా కొంటాం, వెనక కూర్చునేది ఆమే. పీ అక్షరం ఎక్కడ చూడాలో ఇద్దరికీ కాగితం మీద రాసిచ్చాను.

నా హెల్మెట్ లోపల గుడ్డ లేబుల్ మీద పెన్నుతో తేదీ వేశాను. కొన్నది 2025 మార్చి 22. మార్చాల్సింది 2030 మార్చి.